కొర్లగుంటలో మాకు తోడొచ్చిన పూలక్కకి

తిరుపతిలో వీధికుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసే షెల్టర్‌కిచ్చే డబ్బులు తగ్గిస్తారని తెలిసినప్పుడు సంతకాలకి బయల్దేరింది మేం నలుగురమే. "మనుషులకే దిక్కు లేదు, కుక్కలకా?" అన్నారు చాలామంది. నిజానికి నాకూ జవాబు తోచలేదు. అప్పుడు పూలబుట్ట పక్కన పెట్టి మీరొచ్చారు.

"ఆపరేషన్లు ఆపేస్తే అవి పిల్లల్ని పెట్టేది మీ వీధిలోనే కదమ్మా. రేబిస్ ముదిరినాక మందు లేదు, ముందే టీకా పడాల" అన్నారు. ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలన్న కేంద్ర ప్రభుత్వ 2023 నిబంధనలు నేను కాగితం చూసి చదివితే విననివాళ్ళు, మీ మాటకి గేట్లు తీశారు. సోమవారం అర్జీ ఇచ్చేసరికి రెండు నోటుబుక్కులు నిండాయి.

పేరడిగేలోపే బస్సెక్కేశారు. ఆరోజు నాకిచ్చిన మూర మల్లెపూల డబ్బులు ఇంకా బాకీ ఉన్నానక్కా.