బడికి వచ్చిన గుడ్లగూబ గురించి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఎనిమిదో తరగతి పిల్లలు దెబ్బతిన్న గుడ్లగూబను అట్టపెట్టెలో పెట్టుకుని బడికి తెచ్చారని ఊళ్లో అనుకుంటున్నారు. నిజమే, తెచ్చారు. "బడిలోకి గూబ వస్తే శాంతి చేయించరా మేడం?" అని కొందరు ఫోన్ చేశారు. ఒకరిద్దరు ఆ మధ్యాహ్నమే పిల్లల్ని ఇంటికి తీసుకెళ్లిపోయారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కాలువ గట్టు మీద కొబ్బరి మట్టకు చిక్కుకున్న గాలిపటం దారం రెక్కకు చుట్టుకుని ఆ పక్షి వేలాడుతోంది. బడికొస్తున్న ఇద్దరమ్మాయిలు చూశారు. కింద నుంచి దారం లాగితే రెక్క తెగిపోతుందని, పక్క తోటలో కొబ్బరికాయల దింపు తీస్తున్న ఆయన్ని బతిమాలి చెట్టెక్కించారు. దారాన్ని పైనే కోయించి, చున్నీ కప్పి పక్షిని పెట్టెలో పెట్టారు. పెట్టెకు గాలి ఆడేలా చిల్లులు పెట్టారు. నోట్లో పాలూ నీళ్లూ పోయలేదు, ఎవర్నీ తొంగి చూడనివ్వలేదు. ఇవన్నీ మా సైన్సు టీచర్ చెప్పినవే, కానీ ఆ కంగారులో ఒక్కటీ మర్చిపోలేదు చూడండి! ఆ ఇద్దరిలో ఒకమ్మాయి క్లాసులో అడిగితే తప్ప మాట్లాడదు. పశువైద్యుడు గారికి మొత్తం వరసగా చెప్పింది తనే. ఆయన గాయం కడిగి కట్టు కట్టారు, సాయంత్రం అటవీ శాఖ వాళ్లు వచ్చి తీసుకెళ్లారు. ఆ పిల్లల్ని కన్నవాళ్లు అదృష్టవంతులు. అలాంటి పిల్లకి ఇంటికెళ్లాక తలస్నానం చేయించి, తిట్టి పడుకోబెట్టారని తెలిసి మనసు చివుక్కుమంది.

గూబ కూస్తే చావు కబురు వస్తుందని దయచేసి పిల్లలకు చెప్పకండి. దాళ్వా (రెండో పంట వరి) నాట్లు పడినప్పటి నుంచి ఎలుకల బుట్టలకూ మందుకూ ఎంత పోస్తున్నారో మీకే తెలుసు. కొబ్బరి పిందెలు కొరికేదీ ఆ ఎలుకే. రాత్రంతా మన చేల మీద తిరిగి, ఆ ఎలుకల్ని పైసా అడక్కుండా పట్టేది ఈ పక్షి. దాని చెవులు రెండూ ఒకే ఎత్తులో ఉండవు, అందువల్ల చిమ్మచీకట్లో కూడా చప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో కచ్చితంగా పసిగడుతుంది. ఈకల అంచులు దువ్వెన పళ్లలా ఉంటాయి, అందుకే రెక్కల చప్పుడు ఎలుకకు వినపడదు. ఎలుకను అమాంతం మింగి, అరగని బొచ్చూ ఎముకలూ ఉండ చేసి కక్కేస్తుంది. మందు తిన్న ఎలుకను తిని ఈ పక్షులూ చనిపోతున్నాయి. లక్ష్మీదేవి వాహనమని పటంలో దణ్ణం పెట్టుకుని, అటక మీద కనిపిస్తే కర్ర తీసుకోవడం ఏం న్యాయం?

ఇక ఆ దారం సంగతి. అది నైలాన్ మాంజా, దాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. అది పిల్లల చేతికి ఎలా వచ్చిందండీ? సంక్రాంతి పండక్కి డబ్బులిచ్చేది ఇంట్లో పెద్దవాళ్లే. దేనికి ఇస్తున్నారో ఒక్కసారి అడగండి. ముక్కనుమ దాటి ఇన్ని రోజులైనా కొందరు అమ్మమ్మగారి ఊరి నుంచి రాలేదు. వచ్చినవాళ్లలో సగం మంది ప్రార్థనలోనే కునుకుతున్నారు. రాత్రి ఫోన్ ఎన్నింటికి పక్కన పెడుతున్నారో మీరే గమనించగలరు, మేము కాదు.

పదో తరగతి ప్రీఫైనల్ టైమ్‌టేబుల్ పంపాం, ఆధార్ జిరాక్స్ బాకీ ఉన్నవాళ్లు ఇచ్చేయండి, నీళ్ల ఫిల్టర్ బాగైంది.

ఈ శనివారం మధ్యాహ్నం పిల్లలు, టీచర్లు కలిసి కాలువ గట్టు మీద చిక్కుబడ్డ దారాలు ఏరతారు. పిల్లల్ని చెట్లెక్కనివ్వం. దింపు తీసేవాళ్లు మీ ఇళ్లల్లో ఉంటే ఒక గంట రమ్మనండి. ఇంట్లో మిగిలిన మాంజా రీళ్లు పిల్లల చేత పంపండి, ఎవరు తెచ్చారని అడగం. ఇకముందు ఏ అడవి పక్షి గానీ జంతువు గానీ దెబ్బతిని కనిపిస్తే అటవీ శాఖకు గానీ మాకు గానీ వెంటనే చెప్పండి. ముచ్చటపడి పెంచుకోకండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు