లంబసింగి మంచులో ఆయాసం వస్తే ఎటు పోవాలి?

సంపాదకులకు నమస్కారం.

డిసెంబర్ వచ్చిందంటే చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో ఎన్ని డిగ్రీలు నమోదైందో పేపర్లన్నీ వేస్తాయి. పక్కనే లంబసింగి మంచు ఫొటో ఉంటుంది. అవి చూసే గుంటూరు, విజయవాడల నుంచి శని, ఆదివారాల్లో కార్లు బారులు తీరతాయి. మేమూ అలాగే ఇంటిల్లిపాదీ వెళ్లాం. అనుకున్నవేవీ చూడకుండా, ఊపిరాడని మా మామయ్యగారిని అర్ధరాత్రి ఘాట్ దింపుకొని వచ్చాం. ఆ కొండ మీద ఉండాల్సిన ఒక ఏర్పాటు గురించి అడగడానికే ఈ ఉత్తరం.

మా మామయ్యగారు గుంటూరు మిర్చి యార్డులో కాటా గుమస్తాగా చేశారు. టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య, ఆ ఘాటులో, ఆ దుమ్ములో గడిచిన జీవితం. ఊపిరితిత్తుల జబ్బు చాలా ఏళ్లుగా ఉంది, డాక్టర్లు సీఓపీడీ అంటారు. ఇన్హేలర్ వేళ తప్పరు. ప్రయాణం అనుకోగానే ఆయన్ని ఎప్పుడూ చూసే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాం. ఛాతీ పరీక్షించి, వెళ్లి రావచ్చు, మందులు దగ్గర ఉంచుకోండి, చలిలో ముక్కుకు అడ్డంగా మఫ్లర్ చుట్టండి అన్నారు. మందును ఆవిరిలా పీల్పించే నెబ్యులైజరు, అందులో పోసే మందు, ఇన్హేలర్‌కు తగిలించే స్పేసరు గొట్టం, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటరు అన్నీ ఒక సంచిలో సర్దుకున్నాను. వెళ్దామని అడిగింది కూడా ఆయనే. "గుంటూరు ఎండలు తప్ప ఏం చూశానమ్మా, ఆ వలిసె పూలు, ఆ మంచు ఒక్కసారి చూసొద్దాం" అన్నారు.

తుని దాటి, నర్సీపట్నం మీదుగా ఘాట్ ఎక్కి పొద్దు గూకేలోపే చేరాం. అప్పటిదాకా ఆయన హుషారుగానే ఉన్నారు. కాఫీ మొక్కలు, చెట్లకు పాకిన మిరియాల తీగలు పిల్లలకు చూపించి ఏదేదో చెప్పారు. తెల్లవారుజామున మంచు చూడటానికి దగ్గర్లోని చెరువులవేనం కొండకు వెళ్లాలని అనుకున్నాం.

చీకటి పడగానే మేం దిగిన బస ముందు, ఎదుటి ఖాళీ జాగాల్లో, రోడ్డు పక్క గుడారాల దగ్గర చలిమంటలు లేచాయి. సగానికి పైగా పచ్చి కట్టెలే. ఆకు కదలడం లేదు. అలాంటి రాత్రి నేల త్వరగా చల్లారిపోతుంది. నేలను అంటుకున్న గాలి చల్లగా బరువెక్కి కిందే ఉండిపోతుంది, దాని పైన వెచ్చని గాలి కప్పు వేసినట్టు నిలుస్తుంది. మంచు పట్టేది అందుకే, పొగ పైకి పోకుండా మనిషి ముక్కు ఎత్తులో పరుచుకునేదీ అందుకే. తలుపు సందుల్లో తువ్వాళ్లు కుక్కినా పొగ వాసన లోపలికి వస్తూనే ఉంది. చల్లగాలికే బిగుసుకుపోయే ఊపిరి గొట్టాలకు అది చాలు.

పిల్లలు నిద్రపోయాక పిల్లికూతలు మొదలయ్యాయి. స్పేసర్‌తో ఇన్హేలర్ కొట్టాం, ఆగి మళ్లీ కొట్టాం. నెబ్యులైజర్ పెట్టబోతే కరెంటు పోయింది. బసలో జనరేటరు లేదు. ఆయన మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఊని, ముందుకు వంగి, ఒక్కో ఊపిరికీ భుజాలు పైకి ఎగలాగుతున్నారు. మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. ఆక్సీమీటరు 84 చూపించింది. మామూలుగా ఆయనకు 93 దాకా ఉంటుంది. అత్తయ్యగారు వీపు రాస్తూ కూర్చున్నారు. "ఎప్పుడు తెల్లారుతుందమ్మా" అని మాత్రం నన్ను అడిగారు.

మా వారు సిగ్నల్ వెతుక్కుంటూ రోడ్డు మీదికి వెళ్లి 108కి ఫోన్ చేశారు. ఫోనెత్తిన అమ్మాయి, పడుకోబెట్టకండి, కూర్చోబెట్టే ఉంచండి, బండి బయల్దేరుతుంది గానీ మంచు బాగా ఉంది, ఆలస్యమవుతుంది అని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఎదురు వెళ్దామని కారు తీశాం. వాతావరణ శాఖ లెక్కలో 50 మీటర్ల లోపే కనిపిస్తే అతి దట్టమైన పొగమంచు. మాకు కారు బానెట్ చివర కూడా కనిపించలేదు. పెద్ద లైట్లు వేస్తే ఆ వెలుగంతా మంచు తుంపరల మీద పడి తిరిగి మన కళ్లలోకే కొడుతుంది. మా మరిది ఫోన్ లైటు పట్టుకుని రోడ్డు అంచున తెల్లగీత మీద కారు ముందు నడిచాడు. కొంత దూరం పోయాక ఆ గీత కూడా చెరిగిపోయి ఉంది.

పక్కనే టీ బడ్డీ నడిపే ఆవిడ మా అలికిడి విని, ఆ ఊరి జీపు డ్రైవర్ని లేపి పంపింది. ఆ అబ్బాయికి ప్రతి మలుపూ కంఠస్తం. "నా ఎర్ర లైట్లు వదలకండి" అని ముందు నడిపాడు. మలుపు రాబోతుంటే హారన్ కొట్టేవాడు, మేం దగ్గరికొచ్చేదాకా ఆగేవాడు. సగం ఘాట్ దిగాక 108 ఎదురైంది. అందులోనే ఆక్సిజన్, నెబ్యులైజర్ పెట్టారు. డబ్బు ఇవ్వబోతే ఆ అబ్బాయి తీసుకోలేదు. అతనికి మేం జీవితాంతం రుణపడి ఉంటాం.

కింద ఆసుపత్రిలో డాక్టరుగారు ఒక సంగతి చెప్పారు. సీఓపీడీ ఉన్నవాళ్లకు ఆక్సిజన్ కూడా కొలిచే ఇవ్వాలి, 88 నుంచి 92 మధ్య నిలిపితే చాలు, అతిగా ఇస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మనిషి మత్తులోకి జారిపోతాడట. అంటే బసల్లో ఒక సిలిండర్ తెచ్చి మూలన నిలబెడితే సరిపోయే వ్యవహారం కాదు. తెలిసిన మనిషి ఉండాలి. మామయ్యగారు గుంటూరు వచ్చాక కూడా కొన్నాళ్లు ఆసుపత్రిలోనే ఉన్నారు. ఇప్పుడు తేరుకుని వరండాలో పేపరు చదువుకుంటున్నారు.

ముసలాయన్ని ఆ చలిలోకి ఎందుకు తీసుకెళ్లారని చుట్టాలు కొందరు అన్నారు. ఈ మాట నేను ఒప్పుకోను. జబ్బు ఉన్నంత మాత్రాన పెద్దవాళ్లను ఇంట్లో పెట్టి తాళం వేయాలా? పైగా ఇది యాత్రికుల బాధ మాత్రమే కాదు. ఆ కొండ మీద, అదే పొగలో, అదే మంచులో ఏడాది పొడుగునా బతికే గిరిజన కుటుంబాలు ఉన్నాయి. వాళ్లలోనూ దగ్గే పెద్దలు, ఉబ్బసం ఉన్న పిల్లలు ఉంటారు. రోడ్డు లేని గూడేల నుంచి రోగుల్ని డోలీ కట్టి మోసుకొస్తున్నారని మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. రోడ్డున్న చోట మంచు అడ్డం పడితే వాళ్లకు మాత్రం దారేది?

2005లో 108 మొదలైన దగ్గర్నుంచి ఫోన్ చేస్తే బండి వస్తుందన్న ధైర్యం మనకుంది. వస్తుంది కూడా. కానీ అంత మంచులో ఎంత మంచి డ్రైవరైనా నడక వేగంతోనే రావాలి. కాబట్టి వైద్యమే కొండ మీద ఉండాలి. నవంబర్ నుంచి జనవరి చివరిదాకా లంబసింగిలో రాత్రంతా ఒక నర్సు, బ్యాటరీతో నడిచే నెబ్యులైజరు, ఆక్సిజన్ ఉన్న చిన్న కేంద్రం పెట్టాలి. పెద్ద ఆసుపత్రి కట్టమని అడగడం లేదు, తలుపు తడితే తెరిచే ఒక గది చాలు. అల్లూరి సీతారామరాజు జిల్లా 2022లో ఏర్పడి పాడేరు జిల్లా కేంద్రం అయింది గనుక, ఈ నిర్ణయం అక్కడి అధికారులే తీసుకోవచ్చు. దాంతోపాటు ఘాట్ మలుపుల్లో చెరిగిన గీతలు మళ్లీ గీసి, రేడియం పలకలు బిగించాలి. పచ్చికట్టెల చలిమంటలు బసలకు దూరంగా ఒకే చోట వేయించాలి. ఘాట్ ఎక్కకముందే, పైన ఎన్ని మీటర్లు కనిపిస్తోందో, రాత్రి దిగొచ్చో లేదో రాసిన బోర్డు ఉండాలి.

చివరగా మీ పత్రికకు ఒక మనవి. ఈ చలికాలం చింతపల్లి డిగ్రీలు వేసినప్పుడల్లా, ఆ పక్కనే ఆ రోజు ఘాట్‌లో మంచు ఎంత దట్టంగా ఉందో, ఏ వేళకు విడుస్తోందో కూడా ఒక లైను వేయండి. మీ స్థానిక విలేకరి జీపు డ్రైవర్లను అడిగినా చెబుతారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కొరిటెపాడు, గుంటూరు