పే-ఇన్ స్లిప్పు వెనక రాసిన రెండు వాక్యాలకు కృతజ్ఞతలు

విజయనగరంలో ఇరవై రెండేళ్లుగా మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టును. పోయిన మంగళవారం ఒక ఫోను మోసం నుంచి నన్ను నలుగురు కాపాడారు. పేర్లు రాయవద్దని వాళ్లే అన్నారు కాబట్టి రాయడం లేదు. కానీ ఊరికి తెలియాలి.

ఉదయం పదింటికి ఫోను వచ్చింది. మీ నంబరు రద్దవుతుంది, వివరాలకు తొమ్మిది నొక్కండి అని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పేరుతో రికార్డు చేసిన గొంతు. నొక్కాను. నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో అంటూ ఒకడు మాట్లాడాడు. నా రిజిస్ట్రేషన్ నంబరు, షాపు లైసెన్సు నంబరు అంకె తప్పకుండా చదివాడు. మీ లైసెన్సు మీద వేల ఆల్ప్రాజోలమ్ మత్తు మాత్రలు బయటికి పోయాయి, డిజిటల్ అరెస్టు చేస్తున్నాం, కాల్ ఆపితే వారెంటే అన్నాడు.

లైసెన్సు పటం కట్టించి షాపు గోడకు తగిలించి ఉంటుంది. ఆ నంబరు మా బిల్లుల మీద కూడా ఉంటుంది. దగ్గు మందు కొన్నవారికీ తెలిసే అంకె అది. ఆ క్షణంలో నాకది తట్టలేదు. డిజిటల్ అరెస్టు అనేది చట్టంలోనే లేదని 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో ప్రధాని చెప్పినప్పుడు షాపులో కూర్చునే విన్నాను. అదీ గుర్తు రాలేదు.

ఎందుకంటే, సిరిమానోత్సవం రద్దీలో గట్టి నియంత్రణ ఉన్న మందుల అమ్మకాలు రాసే షెడ్యూల్ హెచ్1 రిజిస్టరులో రెండు అమ్మకాలు రాయడం మరిచిపోయాను. మూడేళ్లు భద్రపరచాల్సిన రిజిస్టరు అది. "రిజిస్టరు సరిగ్గా ఉందా?" అని వాడు అడగగానే ఆ రెండు ఖాళీ వరుసలే కళ్ల ముందు నిలిచాయి. లైసెన్సు పోతే ఇల్లు ఎలా గడుస్తుందన్న భయం ఒకటి, చేసిన తప్పు బయటపడుతుందన్న సిగ్గు ఒకటి. ఇంట్లో చెప్పవద్దంటే సరేనన్నాను. ఫోను నుంచే అరవై వేలు పంపాను. మిగతాదానికి ఫిక్స్‌డ్ డిపాజిట్ తీయడానికి బ్యాంకుకు వెళ్లాను. ఫోను సంచిలో ఉంది, తీగ చెవిలో ఉంది.

కౌంటరులో ఉన్న అమ్మాయికి మా పెద్దమ్మాయి వయసుంటుంది. "ఇంత తొందరేమిటి మేడమ్?" అంది. స్థలం కొంటున్నామని, వాడు నేర్పిన మాటే చెప్పాను. ఆ అమ్మాయి చెవిలోని తీగను, వణుకుతున్న నా చేతిని చూసింది. పే-ఇన్ స్లిప్పు తిప్పి ఏదో రాసి గాజు కింద నుంచి నెట్టింది. "ఫోనులో పోలీసులమంటున్నారా?" తల ఊపాను. స్లిప్పు వెనక్కి తీసుకుని కింద మరో వాక్యం రాసింది. "కట్ చేయండి అమ్మా, నేనున్నాను." మేడమ్ కాస్తా అమ్మా అయింది. అక్కడే ఏడ్చేశాను.

పొద్దున్నే షట్టరు సగం దించి వెళ్లడం ఎన్నడూ చూడలేదని, మా షాపు అబ్బాయి సైకిల్ మీద నా వెనకే బ్యాంకుకు వచ్చాడు. ముందుగా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేసింది ఆ అబ్బాయే. అవతల మాట్లాడినాయన లావాదేవీ నంబరు ఓపికగా మూడుసార్లు చెప్పించుకున్నారు. నలభై ఒక్క వేలు అవతలి ఖాతాలోనే ఆగిపోయాయి.

సాయంత్రం ఒక విశ్రాంత డ్రగ్ ఇన్‌స్పెక్టరు గారు ఇంటికే వచ్చారు. "తనిఖీకి వచ్చేవాడు షాపు మెట్లెక్కి వస్తాడమ్మా. తనిఖీ పుస్తకంలో రాస్తాడు. సరుకు పట్టుకుంటే ఫారం 16 రసీదు ఇస్తాడు. ఫోనులో డబ్బు అడగడు" అన్నారు. బిల్లులు వెతికించి, ఆలస్యంగా నమోదు చేసినట్టు ఆనాటి తేదీ వేయించి, ఆ రెండు అమ్మకాలు దగ్గరుండి రాయించారు. ఆ రాత్రే నిద్రపట్టింది.

అమెరికాలో ఉన్న మా మేనకోడలికి చెబితే, అక్కడ కూడా మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ అధికారులమంటూ డాక్టర్లను, ఫార్మసిస్టులను రిజిస్ట్రేషన్ నంబరు చదివి ఇలాగే బెదిరిస్తున్నారట.

జిల్లాలో మందుల షాపువారికి గానీ, డాక్టర్లకు గానీ, నర్సులకు గానీ ఇలాంటి ఫోను వస్తే కట్ చేయండి. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి చెప్పండి. ఎవరికీ చెప్పుకోలేని తప్పేదైనా మనసులో మెదులుతుంటే నా దగ్గరికి రండి. రాత్రి తొమ్మిదిన్నర దాకా షాపులోనే ఉంటాను.