బంతి ఆటలు ఆడరాదన్న బోర్డు గురించి

సంపాదకునికి,

అయ్యా,

పదో తరగతి, ఇంటర్ పిల్లలు ఫోను వదలడం లేదనీ, పెద్దలు గట్టిగా ఉండకపోవడమే అందుకు కారణమనీ ఈ మధ్య తరచుగా చదువుతున్నాం. అందులో నిజం లేకపోలేదు. కానీ ఫోను లాక్కున్నాక ఆ పిల్లవాణ్ణి ఎక్కడికి పంపాలో మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

మేముండేది హైదరాబాద్ శివార్లలో, మేడ్చల్ వైపు, పాతికేళ్ల కిందట వేసిన లేఅవుట్‌లో. ప్లాట్లు అమ్మినప్పుడు ప్లానులో ఆకుపచ్చ రంగు పూసి చూపిన ఖాళీ స్థలంలో ఇప్పుడు ఒక మూల నీళ్ల ట్యాంకు, ఇంకో మూల గుడి, వాటి నడుమ కాలనీ సంఘం భవనం ఉన్నాయి. మిగిలిన ముక్కలో పచ్చిక పెంచి, చుట్టూ నడకబాట వేసి, గేటుకు ‘బంతి ఆటలు ఆడరాదు’ అని బోర్డు తగిలించారు. రోజూ అక్కడ నడిచేవాళ్లలో నేనూ ఒకణ్ణి గనుక ఆ రోజు నాకూ అందులో తప్పు కనిపించలేదు. సాయంత్రమైతే అదే పార్కు ప్రహరీ మీద ఏడెనిమిది మంది కుర్రాళ్లు భుజాలు రాసుకుంటూ కూర్చుని, ఎవరి ఫోనులో వాళ్లు, అందరూ ఒకే ఆట ఆడుతుంటారు. మూడేళ్ల కిందట వీళ్లే ఎదుటి ఖాళీ ప్లాటులో ఇటుకలు నిలబెట్టి వికెట్లనుకుని క్రికెట్ ఆడేవాళ్లు. ఆ ప్లాటులో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది. ఆట రోడ్డెక్కింది, ఎవరిదో కారు అద్దం పగిలింది, అంతటితో ఆగిపోయింది.

తొమ్మిదో తరగతి చదివే మా అన్నయ్య కూతురిది మరో అవస్థ. వాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, రెండు స్తంభాల మధ్య తాడు కట్టి షటిల్ ఆడుకుంటుంది. ఏడింటికి ఆఫీసుల నుంచి కార్లు రావడం మొదలవగానే వాచ్‌మన్ వచ్చి తాడు విప్పిస్తాడు. దీపాల్లేని మలుపునూ, అక్కడ కాపు కాసే కుక్కల గుంపునూ దాటించి పిల్లను ఇంకెక్కడికైనా పంపడానికి మా వదినకు ధైర్యం చాలదు.

5 నుంచి 17 ఏళ్ల వారు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2016 నాటికి 146 దేశాల్లో బడికి వెళ్లే 11–17 ఏళ్ల పిల్లల్లో నూటికి 81 మంది ఆ మాత్రం కూడా కదలడం లేదని ఆ సంస్థ నిపుణుల లెక్క. మగపిల్లల్లో వీరు 78 శాతమైతే ఆడపిల్లల్లో 85 శాతం. ఈ తేడాకు బద్ధకం కారణమంటే నేను నమ్మను. వీధి ఎవరిని రానిస్తుంది, ఎవరిని ఇంట్లో ఉంచుతుంది అన్నదీ ఇందులో ఉంది.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. లేఅవుట్ వేసేవారు 10 శాతం స్థలాన్ని ఖాళీగా వదలాలి. అలా వదలని చోట క్రమబద్ధీకరణ కోరేవారి నుంచి ప్లాటు విలువలో 14 శాతం వసూలు చేయాలని తెలంగాణలో 2020 నాటి లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్‌ఆర్‌ఎస్) నిబంధనలు చెప్పాయి. ఆ సొమ్ముతో ఆ చుట్టుపక్కలే ఆటస్థలం కొనాలన్న షరతు పెట్టి, ఏ కాలనీ డబ్బు ఎక్కడ ఖర్చయిందో బయటపెడితే దానికొక అర్థం ఉంటుంది. బెంగళూరులో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1991లోనే తేల్చింది. అయితే మా కాలనీ స్థలాన్ని బయటివాళ్లెవరూ కాజేయలేదు. ట్యాంకుకీ, గుడికీ, భవనానికీ చందాలిచ్చి కట్టించుకున్నది మేమే.

మా ఇంటికి పది నిమిషాల నడక దూరంలో ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఉంది. బడికి ఆటస్థలం ఉండితీరాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది గనుక ఎకరానికి పైబడిన మైదానమూ ఉంది. సాయంత్రం నాలుగున్నరకు గేటుకు తాళం పడుతుంది. అడిగితే, కిటికీ అద్దాలు పగిలినా, రాత్రిపూట తాగేవాళ్లు చేరినా జవాబు చెప్పాల్సింది నేనే కదా అన్నారు ప్రధానోపాధ్యాయులు. ఆయన మాటను కొట్టిపారేయలేం. అందుకే ఆ భారాన్ని ఆయన మీద వేయకుండా పురపాలక సంఘం తీసుకోవాలి: తరగతి గదుల వైపు కంచె, మైదానానికి వేరే గేటు, నాలుగు దీపాలు, అయిదు నుంచి ఎనిమిది దాకా ఒక కాపలా మనిషి, వారంలో కొన్ని రోజులు ఆడపిల్లలకే కేటాయించిన వేళలు. ఊళ్లలో, పట్టణ వార్డుల్లో క్రీడా ప్రాంగణాలు ఏర్పాటు చేస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2022లో తలపెట్టింది. నగరంలో కొత్తగా స్థలం వెతకడం కంటే ఉన్న మైదానం తాళం తీయడం చవక.

పార్కులో సాయంత్రం రెండు గంటలు బంతి ఆటలకు వదలాలనీ, గేటుకున్న బోర్డు తీసేయాలనీ వచ్చే ఆదివారం మా కాలనీ సంఘం సమావేశంలో ప్రతిపాదిస్తున్నాను. నడిచేవాళ్లు ఒప్పుకుంటే అది అయ్యే పనే. బడి గేటు సంగతి అధికారులు చూడాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా