పలమనేరు చల్లదనం కూడా ప్రజల ఆస్తే

సంపాదకులకు నమస్కారం.

వేసవి వచ్చిందంటే మీ పత్రిక జిల్లా పేజీల్లో వడగాడ్పుల వార్తలూ, ఏ ఊళ్ళో ఎన్ని డిగ్రీల ఎండ కాసిందో చెప్పే పట్టికలూ కనిపిస్తాయి. ముప్పయ్యేళ్ళు తిరుపతిలో ఉద్యోగం చేసి, పదవీ విరమణ తరువాత మా అమ్మను వెంటబెట్టుకుని పలమనేరు వచ్చి స్థిరపడిన నాకు, చల్లని ఊళ్ళో బతకడమంటే ఏమిటో ఇక్కడ గడిపిన మూడు వేసవులు తెలియజేశాయి. ఆ సంగతీ, దాని వెంటే నన్ను కలవరపెడుతున్న మరో సంగతీ పాఠకులతో చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

తిరుపతిలో మేము మూడంతస్తుల ఇంట్లో పై వాటాలో అద్దెకుండేవాళ్ళం. మే నెలలో రాత్రి పదకొండు గంటలకు గోడ మీద అరచెయ్యి ఆనిస్తే ఇంకా వెచ్చగా తగిలేది. సాయంత్రం కొళాయి తిప్పితే పైనున్న ట్యాంకులోంచి చెయ్యి పెట్టలేనంత వేడినీళ్ళు వచ్చేవి. పగలంతా ఎండకు కాగిన స్లాబు ఆ వేడిని రాత్రంతా గదిలోకి వదులుతూ ఉంటుంది కాబట్టి, ఫ్యాను ఎంత తిరిగినా ఒంటికి తగిలేది వేడిగాలే. ఎనభై దాటిన మా అమ్మ మెడకు తడిగుడ్డ చుట్టుకుని తెల్లవారుజాము దాకా మంచం మీద కూర్చునే ఉండేది. పలమనేరు వచ్చిన మొదటి ఏడాది ఏప్రిల్ నెలలో ఒక రాత్రి ఆమె నన్ను లేపి, "నాయనా, కాళ్ళ మీద దుప్పటి కప్పరా" అని అడిగింది. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు; ఇన్నేళ్ళూ ఈమెను అంత వేడిలో ఉంచానే అన్న బాధ కూడా కలిగింది.

ఈ తేడాకు మొదటి కారణం ఊరున్న ఎత్తు. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంటే పలమనేరు దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి మీద ఉంది. పైకి వెళ్ళేకొద్దీ ప్రతి 1000 మీటర్లకు గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుందన్న లెక్క ప్రకారం చూస్తే, ఎత్తు ఒక్కటే ఈ రెండూళ్ళ మధ్య మూడు, నాలుగు డిగ్రీల తేడా తెస్తుంది. అలిపిరిలో ఉక్కతో బస్సెక్కినవాళ్ళు తిరుమలలో దిగగానే హమ్మయ్య అనుకోవడం మనందరికీ తెలిసిన అనుభవమే. చిత్తూరు నుంచి బంగారుపాళ్యం దాటి మొగిలి ఘాటు ఎక్కే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవారికి కూడా ఆ మార్పు ముఖానికి తగులుతుంది.

ఈ సుఖం డబ్బున్నవాళ్ళకు అంతగా అవసరం లేదు. వాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నా ఏసీ పెట్టించుకోగలరు. రేకుల ఇంట్లో ఉండే కూలికీ, మధ్యాహ్నం రెండింటికి తోపుడుబండి నెట్టేవాడికీ, గోడ కట్టే మేస్త్రీకీ ఊరిగాలే ఏసీ. పాత చిత్తూరు జిల్లాలోదే అయిన మదనపల్లె దగ్గర 1910 దశకంలో క్షయ రోగుల కోసం ఆరోగ్యవరం ఆసుపత్రి వెలిసింది కూడా ఇలాంటి గాలి వల్లనే. అప్పటికి క్షయకు మందు లేదు. విశ్రాంతి, మంచి తిండి, మంచి గాలి, ఇవే వైద్యం. అంతకు కొన్ని దశాబ్దాల ముందే కడప కలెక్టరు హార్స్లీ వేసవిలో ఉండటానికి ఏనుగు మల్లమ్మ కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. అదే నేటి హార్సిలీ హిల్స్.

నన్ను కలవరపెడుతున్న సంగతికి వస్తాను. మా వీధి చివర ఒక రైతు పట్టుపురుగులు పెంచుతున్నాడు. పట్టుపురుగుకు 23 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటేనే హాయి. అంతకు మించితే ఆకు సరిగా తినదు, జబ్బు పడుతుంది. ఇక్కడ ఆ పురుగుకు మేతయిన మల్బరీ సాగు నిలదొక్కుకోవడానికి ఈ వాతావరణం ఒక ముఖ్య కారణం. ఎండ ముదిరినప్పుడు అతను షెడ్డు కిటికీలకు గోనె సంచులు కట్టి, రోజుకు నాలుగైదుసార్లు వాటిని తడుపుతాడు. ఒకప్పుడు మే నెలలో పది, పదిహేను రోజులు చేస్తే సరిపోయిన ఈ పనిని ఇప్పుడు మార్చి ఆఖరులోనే మొదలుపెట్టవలసి వస్తోందని అతను చెప్పాడు. అతని లెక్క పుస్తకాల్లోది కాదు, కానీ ప్రతిరోజూ పురుగుల మీద కన్నువేసి ఉండే మనిషి మాటను నేను తేలిగ్గా తీసుకోలేను.

ఎత్తు ఉన్నంత మాత్రాన చల్లదనం ఎప్పటికీ నిలవదని బెంగళూరును చూస్తే అర్థమవుతుంది. మన జిల్లా నుంచి ఎందరో ఉద్యోగం కోసమే కాక, ఆ ఊరి వాతావరణం కోసం కూడా అక్కడ స్థిరపడ్డారు. సుమారు 900 మీటర్ల ఎత్తున్న ఆ నగరంలో 2016 ఏప్రిల్‌లో 39.2 డిగ్రీలు నమోదయింది. చెరువులు పూడ్చి, చెట్లు కొట్టి, నేలంతా సిమెంటు పరిచాక ఎత్తు వల్ల వచ్చిన చల్లదనంలో చాలా భాగం చేజారిపోతుంది. పలమనేరులోనూ అదే వరస మొదలైంది. రోడ్డు పక్కన నేను చిన్నప్పుడు ఇటు వచ్చినప్పుడు చూసిన చింతచెట్లు చాలావరకు ఇప్పుడు లేవు. కొత్త లేఅవుట్లలో రాళ్ళు పాతి, రోడ్లు వేసి, నీడనిచ్చే చెట్టు ఒక్కటీ లేకుండానే స్థలాలు అమ్ముతున్నారు. విచిత్రమేమంటే, "చల్లని వాతావరణం" అన్న మాటనే ఆ ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేస్తున్నారు.

పలమనేరు, పుంగనూరు, కుప్పం పురపాలక సంఘాలకు నా విన్నపం ఇది. పట్టణ ప్రణాళికలు తయారు చేసేటప్పుడు చెరువులనూ, వాటికి నీళ్ళు తెచ్చే వాగులనూ హద్దులతో సహా పటంలో చూపించి, వాటి మీద కట్టడాలకు అనుమతి ఇవ్వవద్దు. లేఅవుట్లకు అనుమతి ఇచ్చే ముందు ఖాళీ స్థలం కాగితం మీద ఉందా అని చూసి ఊరుకోకుండా, అందులో చెట్లు పెరుగుతున్నాయా అని కూడా చూడాలి. మొక్కలు నాటే కార్యక్రమాల్లో అందం కోసం పెట్టే పొదలకు బదులు చింత, కానుగ, వేప, రావి వంటివి నాటి, కనీసం మూడేళ్ళు కంచె వేసి కాపాడాలి. ఈ వానాకాలంలో మా వీధిలో అలాంటి మొక్కలు నాటిస్తే, పదవీ విరమణ చేసిన మేము ఏడుగురం వాటికి రోజూ నీళ్ళు పోసే బాధ్యత తీసుకుంటామని ఇప్పటికే పురపాలక కార్యాలయంలో అర్జీ ఇచ్చాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
పలమనేరు, చిత్తూరు జిల్లా