స్టేజ్ మీద లైసెన్స్ అడిగి సౌండ్ ఆపేసిన యాంప్ సాఫ్ట్‌వేర్‌పై ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

విషయం: ప్రోగ్రామ్ మధ్యలో లైసెన్స్ చెక్ వల్ల గిటార్ సౌండ్ ఆగిపోవడం, పరిష్కారం లేదా డబ్బు వాపసు కోరుతూ.

అయ్యా/అమ్మా,

గిటార్ యాంప్ (యాంప్లిఫైయర్) సౌండ్‌ను ల్యాప్‌టాప్‌లోనే పుట్టించే మీ యాంప్ మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌ను పూర్తి ధర పెట్టి కొన్నాను. ట్యూబ్ యాంప్, స్పీకర్ క్యాబినెట్ మోసుకెళ్లే బాధ తప్పుతుందనీ, లైవ్ షోలకు పనికొస్తుందని మీరే ప్రకటించారనీ కొన్నాను. ఇంట్లో రికార్డింగ్ కోసమే అయితే ఈ ఉత్తరం రాయాల్సిన పనే ఉండేది కాదు.

మొన్నటి ప్రోగ్రామ్‌లో సోలో అందుకున్న కాసేపటికి సౌండ్ ఠక్కున పోయింది. జాక్ ఊడిందేమోనని కేబుల్ చూశాను. గిటార్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపే ఇంటర్‌ఫేస్ మీద ఇన్‌పుట్ లైట్ పచ్చగా వెలుగుతూనే ఉంది, అంటే గిటార్ నుంచి సిగ్నల్ వస్తోంది. వంగి ల్యాప్‌టాప్ చూస్తే స్క్రీన్ మధ్యలో మీ మెసేజ్: లైసెన్స్ నిర్ధారణ కోసం ఇంటర్నెట్‌కు కనెక్ట్ అవ్వమని. అవుట్‌పుట్ మ్యూట్. డ్రమ్మర్ నా మొహం చూస్తూ అదే బార్ తిప్పితిప్పి వాయిస్తున్నాడు. ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేశాను గానీ, అంత జనం ఉన్న హాల్లో నెట్ ఎక్కడ దొరుకుతుంది? చివరికి గిటార్‌ను నేరుగా డీఐ బాక్స్‌కు (హాల్ సౌండ్ సిస్టమ్‌కు కలిపే పెట్టె) పెట్టి, ఆ పలచటి సౌండ్‌తోనే మిగతా పాటలు లాక్కొచ్చాను.

షోలో ల్యాప్‌టాప్ వైఫై ఎందుకు ఆపారని మీ సపోర్ట్ వాళ్లు అడిగారు. ఆపమన్నది మీ యూజర్ గైడే! వైఫై డ్రైవర్ అడ్డుపడితే ఆడియోలో టిక్‌టిక్‌మని చప్పుళ్లు వస్తాయి, లైవ్‌లో ఆపేయండి అని అందులో రాశారు. సలహా మంచిదే. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ల బఫర్ (ల్యాప్‌టాప్ ఒక్కో విడతలో ప్రాసెస్ చేసే ఆడియో ముక్క) అంటే దాదాపు 2.7 మిల్లీసెకన్లు. యాంప్, క్యాబినెట్, డిలే, రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్టులు) లెక్కలన్నీ ప్రతిసారీ ఆ కాస్త వ్యవధిలోనే పూర్తవ్వాలి. ఏ కొంచెం ఆలస్యమైనా సౌండ్ తెగుతుంది. బఫర్ పెంచుదామా అంటే లేటెన్సీ పెరిగి, తీగ మీటడానికీ సౌండ్ వినపడటానికీ మధ్య ఎడం తెలిసిపోతుంది. అందుకే మీరు చెప్పినట్టే చేశాను. నెట్ పెడితే టిక్‌టిక్, తీసేస్తే మ్యూట్. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ట్యూబ్ యాంప్ కూడా స్టేజ్ మీద మొరాయిస్తుంది. ఫ్యూజ్ పోతుంది, ట్యూబ్ పోతుంది. అది వస్తువు చెడిపోవడం. ఇక్కడ ఏదీ చెడలేదు, చక్కగా పనిచేస్తున్నదాన్ని మీరే ఆపేశారు. పైరసీ అంటే మీకు భయం ఉండొచ్చు. కానీ లైసెన్స్ చెక్‌నే తీసేసిన దొంగ కాపీలో ఈ మెసేజ్ రాదు కదా! డబ్బు కట్టినవాడికే ఈ శిక్ష. పైగా సపోర్ట్ నుంచి వచ్చిన జవాబు, నెట్‌కు కనెక్ట్ చేసి మళ్లీ ఓపెన్ చేయమని. ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టుకుని!

దీని ముందు చిన్నదే గానీ, ఇంకొకటి కూడా ఉంది. ఫుట్‌స్విచ్‌తో క్లీన్ నుంచి లీడ్ ప్రీసెట్‌కు (ముందే సేవ్ చేసుకున్న సౌండ్ సెట్టింగ్) మారితే మధ్యలో సౌండ్ ఆగుతోంది, అంతకుముందు మోగుతున్న డిలే తోక తెగిపోతోంది. ప్రస్తుతానికి అన్నీ ఒకే ప్రీసెట్‌లో పెట్టుకుని, ఎఫెక్ట్ బ్లాకులు ఆన్, ఆఫ్ చేసుకుంటూ నెట్టుకొస్తున్నాను.

లైసెన్స్ చెక్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేసేటప్పుడే జరగాలి, ఆడియో నడుస్తుండగా ఎట్టి పరిస్థితుల్లోనూ మ్యూట్ కాకూడదు. గడువు దగ్గర పడితే కొన్ని రోజుల ముందే చెప్పండి. నెట్ లేకుండా యాక్టివేట్ చేసుకునే ఫైల్ ఇవ్వండి. ఇవి ఏ అప్‌డేట్‌లో వస్తాయో 15 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయండి. కుదరదంటే నా డబ్బు పూర్తిగా వాపసు చేసి, ప్రకటనలోంచి ఆ లైవ్ షోల మాట తీసేయండి.

ఆ రోజు లాగ్ ఫైల్, స్క్రీన్‌షాట్, కొనుగోలు రసీదు జతచేస్తున్నాను.

ఇట్లు,
మీ సాఫ్ట్‌వేర్ కొన్న ఒక గిటారిస్టు