ట్యాంకు ఖాళీ అయ్యే లెక్క పైపు ముక్కతో చెప్పండి

సంపాదకుల వారికి,

ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో అవకలన సమీకరణాలను (ఒక రాశి ఎంత వేగంగా మారుతుందో చెప్పే డిఫరెన్షియల్ ఈక్వేషన్లను) ఎన్ని రకాలుగా సాధించవచ్చో వల్లె వేయిస్తున్నారు. లారీ నీళ్లకు, సంపులకు అలవాటుపడిన చెన్నైలో ట్యాంకు ఎంతసేపట్లో ఖాళీ అవుతుందని అడిగితే మాత్రం ఆ పిల్లలే తెల్లమొహం వేస్తారు.

దీనికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. 110 మి.మీ. పీవీసీ పైపు మీటరు ముక్క, అడుగుకు ఎండ్ క్యాప్, నీటి ఎత్తు కనబడేలా పక్కన మేస్త్రీలు మట్టం చూసే గొట్టం, స్కేలు, ఫోన్లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు. బకెట్ వద్దు. అది అడుగుకు సన్నబడుతుంది కనుక మొదటి రోజే లెక్క ముదిరిపోతుంది. క్యాప్‌కు 5 మి.మీ. రంధ్రం వేసి, బయటి వైపు అంచును వెడల్పుగా చెక్కాలి. లేకుంటే మందపాటి క్యాప్ చిన్న గొట్టంలా పనిచేసి ప్రవాహ గుణకం (లెక్క ప్రకారం రావాల్సిన నీటిలో నిజంగా వచ్చే వంతు) 0.8 వైపు పోతుంది.

90 సెం.మీ. నీళ్లు పోసి, పైపు లోపలి వ్యాసం 104 మి.మీ. అనుకుని, నీరు బయటికి దూకే వేగం పైనున్న నీటి ఎత్తు వర్గమూలాన్ని బట్టి ఉంటుందనే టారిసెల్లి సూత్రాన్ని ఉన్నదున్నట్టు వాడితే 185 సెకన్లు రావాలి. గడియారం ఐదు నిమిషాల దాకా పోతుంది. సమీకరణం తప్పు కాదు. రంధ్రం దాటాక ధార సన్నబడుతుంది, గుణకం 0.62 దగ్గర ఉంటుంది. పైపు లోపలి వ్యాసాన్ని వెర్నియర్‌తో కొలవాలి. 110 అన్నది బయటి కొలత, లోపల 104 ఉంటే ఆ తేడాకే లెక్క 12 శాతం తప్పుతుంది. డ్రిల్లు ఊగి రంధ్రం 5.2 అయినా వైశాల్యం 8 శాతం పెరిగినట్టే.

20 సెకన్లకోసారి ఎత్తు రాసుకోవాలి. ఎత్తునే గ్రాఫు గీసి, వంపు కనబడగానే ఎక్స్‌పొనెన్షియల్ (సమాన వ్యవధుల్లో ఉన్నదాంట్లో అదే వంతు తగ్గడం) అనేవారే ఎక్కువ. ఎత్తు వర్గమూలాన్ని గీస్తే సరళరేఖ వస్తుంది, దాని వాలు నుంచి గుణకం దొరుకుతుంది. స్కేలు సున్నా రంధ్రం మట్టానికే ఉండాలి. రెండు సెం.మీ. పైకి జరిగినా రేఖ చివర కిందికి వంగుతుంది. చివరి రెండు మూడు సెం.మీ. రీడింగులను ఎలాగూ నమ్మకూడదు, సుడిలో గాలి చేరుతుంది, ధార తెగుతుంది.

నీరు సగం ఎత్తుకు దిగడానికి మొత్తం సమయంలో ఎంత పడుతుందని ముందే అడిగి చూడండి. సగం అంటారు. నిజానికి 29 శాతమే.

ఇంటర్నల్ మార్కుల్లో కనీసం ఐదు ఇలాంటి రిపోర్టుకు కేటాయించాలని సిలబస్ కమిటీలను కోరుతున్నాం. ఆ మార్కులు జవాబు కలిసినందుకు కాదు, లెక్కకూ కొలతకూ తేడా ఎక్కడ వచ్చిందో రాసినందుకు ఇవ్వాలి.

– ఇద్దరు ఇంజనీరింగ్ అధ్యాపకులు, చెన్నై